రూతు కడిగిన గాజు

రూతు గురించి రాయాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, నీతులు చెప్పి రిటైరైన వనజాక్షి టీచర్ని నేను. తీరా కళ్ల ముందు ఒక మనిషికి అవమానం జరిగితే నా నోరు పెగల్లేదు. ఆ ఆదివారం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

అనంతపురం పాతూరులో సోమశేఖర్‌కు అత్తర్లు, అగరబత్తీల దుకాణం ఉంది. దాని మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఏడెనిమిది మందిమి చేరతాం. అమ్మడానికి కాదు, సరదాకు. ఈ నూనె మూడు చుక్కలు, ఆ నూనె ఐదు చుక్కలు, కాస్త స్పిరిట్ కలిపి ఎవరికి నచ్చిన సువాసన వాళ్లు చేసుకుంటాం. నూనెలన్నీ సోమశేఖర్ బీరువాలోవే. చుక్క ఎక్కువ తక్కువ కాకూడదు కాబట్టి సీసాలోంచి నూనె తీయడానికి పిప్పెట్లు వాడతాం. అంటే సన్నటి మొన, తల మీద రబ్బరు బుడ్డి ఉన్న గొట్టాలు. సోమశేఖర్ ప్యాకెట్లోంచి తీసిచ్చే ప్లాస్టిక్‌వి మేం వాడి బుట్టలో పారేస్తాం. రూతు ఒక్కతే తన గాజువి కడిగి మళ్లీ మళ్లీ వాడుతుంది.

రూతు ఉండేది బుక్కరాయసముద్రంలో. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అటెండరు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని గాజు కడగడమే. పిల్లలు మొన విరగ్గొట్టిన పిప్పెట్లను పారేస్తుంటే, ప్రిన్సిపాల్‌ను అడిగి, ఉత్తరం రాయించుకుని మరీ ఇంటికి తెచ్చుకుంది. నీళ్లు చల్లుతూ సానరాయి మీద మొనలను నున్నగా అరగదీసింది. అవి మొత్తం తొమ్మిది.

ఆమె కడిగే తీరు ఒకసారి వాళ్లింట్లో చూశాను. గట్టు మీద మూడు గ్లాసుల్లో స్పిరిట్. మొదటిది వాడి వాడి పసుపెక్కింది, రెండోది ఓ మాదిరి, మూడోది కొత్తది. బుడ్డి ఊడదీసి పక్కన పెట్టి, పిప్పెట్‌ను వరసగా మూడింట్లోనూ జాడించింది. మొదటి గ్లాసు మరీ మురికైతే తీసేస్తుంది. అప్పుడు రెండోది మొదటిదవుతుంది, మూడోది రెండోదవుతుంది. ఆ తర్వాత వేడి సబ్బునీళ్లు. మా బోరునీళ్లకు గాజు లోపల తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దానికి వారానికోసారి చింతపండు రసంలో నానబెట్టడం. చివరి జాడింపుకు మాత్రం బోరునీళ్లు ముట్టదు. వీధి చివర ఏటీఎం ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు వాడుతుంది, వాటిలో ఉప్పుండదు. అక్కడి వాచ్‌మన్ కుళ్లాయప్ప ఆమె కోసం క్యాను పెట్టి ఉంచుతాడు.

"ఇదంతా యాడ నేర్చుకున్నావు రూతూ? కాలేజీలోనా?" అన్నాను.

"కాలేజీలో ఏముండాది టీచరమ్మా! మా యమ్మ మారెమ్మ నేర్పింది. గార్లదిన్నె కాడ మా ఊరికి ట్యాంకరు వారానికొకసారి వచ్చేది. మూడు బేసిన్లు పెట్టి గిన్నెలు కడిగేది. మొదటి బేసిను నీళ్లు కరేపాకు చెట్టుకు పోసి, మిగిలినవి ముందుకు జరిపేది. బిందెడు నీళ్లతో పదిమంది తిన్న గిన్నెలు తళతళలాడేవి. నీళ్లు పుష్కలంగా ఉండేటోళ్లకు కడగడమేం వస్తాది చెప్పు!"

ఏడాదిగా ఆమె ఒకే సువాసన పట్టుకుని కూర్చుంది. శనక్కాయ చెట్టును నేలలోంచి పీకినప్పుడు వచ్చే వాసన. మట్టి, పచ్చి ఆకు, పాలుగారే గింజ. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట కూలికి పోయినప్పటిది. "మల్లెపూలో గులాబీయో చేసుకోరాదా, శనక్కాయ ఎవరు పూసుకుంటారు?" అని మేం ఆటపట్టించేవాళ్లం. "నేను పూసుకుంటా" అనేది. ముప్పై ఒకటోసారికి కుదిరింది. మూత తీస్తే అచ్చం చేనే. అయితే ఒంటి మీద పది నిమిషాల్లో ఎగిరిపోయేది. గంధం నూనె ఒక చుక్క కాగితం మీద కలిపి చూస్తే నిలబడింది. ఇక సీసాలో రెండు చుక్కలు పడితే చాలు. ఆ నూనె సోమశేఖర్ బీరువాలో తప్ప మాకు ఇంకెక్కడా దొరకదు.

ఆ రెండు చుక్కలు వేసుకోవాల్సిన ఆదివారమే గొడవైంది. సోమశేఖర్ గంధం సీసా మూత తీసి వాసన చూశాడు. ముఖం మాడిపోయింది. గంధంలో లవంగం వాసన. సీసా మొత్తం పాడైంది.

"ఎవరో సరిగ్గా కడగని గొట్టం ముంచినారు" అన్నాడు, రూతు వైపే చూస్తూ. "మేమంతా కొత్తవి వాడి పారేస్తాం. పాతవి వాడేది నువ్వొక్కదానివే."

"పోయిన వారం ఒక్క చుక్క తీసినా అన్నా. కడిగిన దాంతోనే తీసినా."

"ఏం కడిగినావో ఏమో! చూడు రూతమ్మా, ఇంగ మీద నీ చేతి గొట్టం మా సీసాల్లో పెట్టొద్దు. కావాలంటే నీకు వేరే సీసాల్లో పోసిస్తా. ఆ మూలన కూర్చుని చేసుకో."

వేరే సీసా. వేరే మూల. టీ బంకుల్లో కొందరికి వేరే గ్లాసు పెట్టిన ఊళ్లను చూసినదాన్ని, ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. సోమశేఖర్ అంత ఆలోచించి అన్నాడని అనను. సీసా పోయిన మంటలో నోటికి వచ్చింది. నోటికి అదే రావడమే కదా అసలు రోగం! తెలిసి కూడా నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

రూతు లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఏమప్పా శేఖరా" అంది. అంతవరకు అన్నా అనే పిలిచేది. "నాకు చదువు రాదను, పాట రాదను, పడతా. ఇరవై రెండేండ్లు గాజు కడిగినదాన్ని, కడగడం రాదంటే మాత్రం పడను. నా గొట్టాలు తొమ్మిదీ ఈడనే ఉండాయి. నీ కొత్తవీ తీయి. అన్నిట్లో శుభ్రమైన స్పిరిట్ పీల్చి కాగితాల మీద చుక్క వేద్దాం. ఆరినాక మీయమ్మతో వాసన చూపిద్దాం. నా దాంట్లో లవంగం ఉంటే ఈ మెట్లు మళ్లీ ఎక్కను. రేపట్నుంచి ల్యాబులో గాజు కూడా ముట్టను."

ఆ ఉద్యోగమే ఆమె బతుకు. "రూతూ, అంత మాట ఎందుకు?" అన్నాను. నా వైపు చూడను కూడా లేదు. నాకు అలాగే కావాలి.

సోమశేఖర్ తల్లి వరలక్ష్మమ్మ ముక్కంటే ఆ ఇంట్లో అందరికీ హడలు. కింద పోపు మాడితే మేడ మీంచి కేకేసే మనిషి. ఆమెను పిలిచి కూర్చోబెట్టాం. తొమ్మిది గాజు పిప్పెట్లవి, ఆరు ప్లాస్టిక్‌వి, పదిహేను కాగితాలు. వెనక గుర్తులు పెట్టి నేనే కలిపేశాను. ఏది ఎవరిదో ఆమెకు చెప్పలేదు.

"ఏం లేదు. ఏం లేదు. ఇది ప్లాస్టిక్ కంపు" అంటూ ఒక్కొక్కటే పక్కన పడేస్తోంది. ఏడో కాగితం దగ్గర ఆగింది. "దీంట్లో రవ్వంత గులాబీ ఉండాది."

తిప్పి చూశాను. రూతుది. సోమశేఖర్ ముఖం వెలిగింది.

రూతు ఆ పిప్పెట్‌ను వెలుతురుకెత్తి చూసింది. "నిన్న గ్యాసు అయిపోయి వేడినీళ్లు పెట్టలేదు. చల్లనీళ్లతో కానిచ్చినా. తప్పు నాదే" అని దాన్ని విడిగా పెట్టింది. "అయితే మీ సీసాలో ఉండేది లవంగం. గులాబీ కాదు. ఆపొద్దమ్మా, చూడు."

పదమూడో కాగితానికి వరలక్ష్మమ్మ ముక్కు చిట్లించింది. "అబ్బా, లవంగం! పంటినొప్పికి పెట్టుకునేంత ఉండాది."

తిప్పాను. ప్లాస్టిక్‌ది. ప్యాకెట్లోంచి అప్పుడే తీసినది.

"అవి కొత్తవి!" అన్నాడు సోమశేఖర్.

"యాడ కొత్తవిరా?" అంది తల్లి. "వీళ్లు పోయినాక బుట్టలోంచి ఏరి, కొళాయి కింద కడిగి, కిటికీలో ఆరబెట్టి, మళ్లా ప్యాకెట్లో పెడతాండేది నువ్వు కాదా? పారేయడానికి చేతులు రాక!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఈ నేల మీద పుట్టినవాళ్లకు దేన్నీ పారేయబుద్ధి కాదు, అందులో తప్పేం లేదు. ఒక్క జాడింపు జాడించి కొత్తదని ఇవ్వడం తప్పు. ఆ పాపాన్ని కడిగేదాని నెత్తిన రుద్దడం ఇంకా తప్పు.

సోమశేఖర్ బీరువాలోంచి ఇంకో గంధం సీసా తీశాడు. "రూతక్కా, ఏదో కోపంలో అన్నా. ఎన్ని చుక్కలు కావల్లో చెప్పు, నేనే పోసిస్తా."

"నువ్వు పోసేది వద్దు."

సీసాను తన ముందుకు జరుపుకుంది. మిగిలిన తన ఎనిమిది పిప్పెట్లలో ఒకటి తీసి బుడ్డి తగిలించింది. "అందరూ చూడండి. ఇది నా చేయి. ఇది నేను కడిగిన గొట్టం" అని నేరుగా ఆ సీసాలో ముంచింది. రెండు చుక్కలు ఆమె శనక్కాయ సీసాలో పడ్డాయి.

తర్వాత టేబుల్ మీద మూడు గ్లాసులు పెట్టి స్పిరిట్ పోసింది. ఆ పిప్పెట్‌ను సోమశేఖర్ చేతికిచ్చింది. "ఇంగ నువ్వు కడుగు. నేను చూస్తా."

అతను కడిగాడు. "మళ్లా" అంది. మళ్లీ కడిగాడు. మూడోసారికి సరేనంది.

నేను సిగ్గు విడిచి చేయి చాపాను. రూతు తన సీసాలోంచి నా మణికట్టు మీద ఒక చుక్క వేసింది.

"ఇందాక నువ్వు ఒక్క మాట అనింటే బాగుండు టీచరమ్మా" అంది, మామూలుగానే.

ఇంటికొచ్చాక అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మణికట్టు దాకా రెండుసార్లు కడిగాను. శనక్కాయ చేను వాసన పోలేదు.