ఎలిజబెత్ వంతు

జక్కయ్య పోయి ఏడాదయిందని గుణదలలో వాళ్ళింటి ముందు సందుకు అడ్డంగా షామియానా వేశారు. జ్ఞాపకార్థ కూడిక. పాటలయ్యాయి, ప్రార్థన అయింది, ఇక సాక్ష్యాలు మొదలయ్యాయి. అంటే పోయిన మనిషి గురించి ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు మైకు పట్టుకుని చెప్పాలి. మొగుణ్ణి ఇంతమంది మెచ్చుకుంటుంటే ముందు వరసలో కూర్చున్న ఎలిజబెత్ న్యాయానికి పొంగిపోవాలి. పొంగడం మాట దేవుడెరుగు, ఆమెకు కడుపు రగిలిపోతోంది.

మొదట పాస్టరుగారు జక్కయ్య బతుకును నాలుగు ముక్కల్లో చెప్పారు. ఉయ్యూరు దగ్గరి పల్లెలో, చెరకు కొట్టే కూలీల ఇంట్లో పుట్టాడు. లారీ క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టడం నేర్చి, ఆర్టీసీలో డ్రైవరయ్యాడు. రిటైరయ్యేదాకా బెజవాడ నుంచి బందరుకూ, బందరు నుంచి బెజవాడకూ బస్సు నడిపాడు. కాలువ పక్కన ఉన్న రేకుల ఇంటిని స్లాబు ఇల్లు చేశాడు. కొడుకునూ కూతుర్నీ చదివించాడు. ముసలితనంలో మనవరాల్ని బండి మీద రోజూ స్కూల్లో దింపాడు. "ప్రేమగల భర్త, ప్రేమగల తండ్రి, ప్రేమగల తాతయ్య" అని ముగించారు. భర్త అన్న మాట ముందుగా వచ్చినందుకు ఎలిజబెత్ కొంచెం చల్లబడింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

ఎందుకంటే ఆడబడుచు మార్త లేచింది. కంకిపాడులో ఉంటుంది. మైకు అందగానే కళ్ళు ఒత్తుకుంది.

"మా అన్నయ్య బందరు నుంచి ఎప్పుడు లడ్డూలు తెచ్చినా, కంకిపాడులో బస్సాపి, పొట్లం విప్పి, ముందు నాకు పెట్టాకే ఇంటికి తీసుకెళ్ళేవాడండీ. వదినక్కూడా తెలీదు."

వదినకు ఇప్పుడు తెలిసింది. పొట్లం దారం వదులుగా ఉందేమిటని అడిగిన ప్రతిసారీ "కొట్టువాడు సరిగ్గా కట్టలేదే" అన్నాడు ఆ మహానుభావుడు. పాపం ఆ కొట్టువాణ్ణి ఎన్నేళ్ళు తిట్టుకుందో!

తర్వాత కూతురు హన్నా. తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాన్న సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాడట, చిక్కుతీసి జడ కూడా వేశాడట. ఎలిజబెత్ పళ్ళు నూరింది. తనకు తలనొప్పి వస్తే బామ్ సీసా ఎక్కడుందో కూడా తెలియదనేవాడు. కూతురిమీద అసూయేమిటని ఎవరైనా అంటే అననీ. అసూయకు చుట్టరికాలు తెలియవు.

ఇవన్నీ ఎలాగో మింగింది. మనవరాలు వినీల మాట మాత్రం గొంతు దిగలేదు.

"తాతయ్య నన్ను వినీలా అని ఎప్పుడూ పిలవలేదు. రాణెమ్మా అనేవాడు" అంది ఆ పిల్ల ముద్దుముద్దుగా. అందరూ "అయ్యో తల్లీ" అన్నారు.

ఎలిజబెత్ గిరుక్కున మనవరాలి వైపు తిరిగింది. రాణెమ్మ తను. పెళ్ళయిన కొత్తలో, వినేవాళ్ళెవరూ లేకుండా చూసి, తలుపు చాటున పిలిచిన పిలుపది. తన పేరు ఇంగ్లీషు దొరల రాణి పేరని ఎవరో చెబితే అప్పట్నుంచి మొదలుపెట్టాడు. ఆ పిలుపును ఆమె అక్కచెల్లెళ్ళకు కూడా చెప్పుకోలేదు. దాన్ని పట్టుకెళ్ళి చిన్నపిల్లకు ఇచ్చేశాడు! ఇలా అందరికీ పందేరం చేసిన మనిషి దగ్గర కట్టుకున్నదానికంటూ మిగిల్చిందేమైనా ఉందా? ఒక్కటంటే ఒక్కటి?

ఆఖర్న కొడుకు బెన్నీ మాట్లాడాడు. "నాన్న ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదండీ. ఇంట్లోనూ అంతే, డిపోలోనూ అంతే. అసలు అలకంటే ఏంటో ఆయనకి తెలీదు."

ఎలిజబెత్ ఫక్కున నవ్వింది. షామియానా అంతా ఇటు తిరిగింది.

"అమ్మగారూ, మీరూ రెండు మాటలు చెప్తారా?" అన్నారు పాస్టరుగారు నొచ్చుకుంటూనే.

మాట్లాడనని పొద్దున్నే తెగేసి చెప్పిన మనిషి లేచి మైకు లాక్కుంది.

"మావాడికి తెలీక అన్నాడండీ. అలిగేవాడు. మామూలుగా కాదు! కూరలో ఉప్పు తగ్గితే అలక. మా తమ్ముడికి చేప తలకాయ వేస్తే అలక. పుట్టింట్లో ఒక్క పూట ఎక్కువుంటే అలక. పిల్లల ముందు నవ్వుతానే ఉండేవాడు. నోరు తెరిచి అంటాడా? అనడు. పొద్దున్నే క్యారేజీ గడపలో వదిలేసి డ్యూటీకి పోయేవాడు. నేనేమో దాన్ని పట్టుకుని, ఆటో ఎక్కి, బెంజ్ సర్కిల్ దగ్గర డివైడరు మీద నిలబడేదాన్ని. బందరు బస్సు అటు రాక ఎటు పోద్ది? బస్సు స్లో చేసి, కిటికీలోంచి చెయ్యి మాత్రం చాపేవాడు. మొహం అటు! లోపల జనం ఒకటే నవ్వు. సాయంత్రం ఆ క్యారేజీ ఖాళీగా తెచ్చి నా చేతికిస్తే అలక తీరినట్టు."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మీ అందరితో మంచిగా ఉన్నాడు. ఎప్పుడూ అంత మంచిగా ఉండాలంటే మనిషికి కష్టం కదండీ. మంచిగా ఉండక్కర్లేని చోటు ఆయనకి నేనొక్కదాన్నే."

భోజనాల దగ్గర మార్త పక్కన చేరింది. బిరియానీ కెలుకుతోంది గాని తినడం లేదు.

"వదినా, నామీద కూడా అన్నయ్య ఓసారి అలిగినట్టే గుర్తు."

"ఎప్పుడు?"

"ఎప్పుడో... జ్ఞాపకం రావట్లా."

"లేంది ఎక్కణ్ణుంచి వచ్చిద్దిలే. తిను."

మార్త మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహం చూస్తూ ఎలిజబెత్ ఇంకో ముక్క వేయించుకుంది.

అప్పుడు హన్నా వచ్చి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నాన్న ఆఖరిసారి దేనికలిగాడు?"

ఎలిజబెత్ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

గన్నవరంలో హన్నా ఇంటికే వెళ్ళింది ఆ సారి. సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి, కూతురు ఉండమంటే మర్నాటిదాకా ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. మామూలేగా, ఇష్టమైన కొరమీను వేయించి బతిమాలుకోవచ్చులే అని వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళెం పట్టుకుని వచ్చి భుజం పట్టి ఇటు తిప్పేసరికి మనిషి లేడు.

ఆ అలక తీరలేదు. ఇక తీరదు. కూతురికి చెబితే, మా ఇంట్లో ఉన్నందుకేగా అని ఏడుస్తూ అందులోనూ వాటాకు వస్తుంది. ఇచ్చేది లేదు.

"నాకు గుర్తు లేదే" అంది ఎలిజబెత్.