అందరూ పాలనే చూశారు

ఇది ఒక తల్లి వీరగాథ. ఆకలితో సోలిపోతున్న పసికందును గుండెకు హత్తుకుని, పెద్దల మాట కాదని, కృష్ణానదిని దాటి వెళ్ళిన సాహసయాత్ర. కాండలు కాండలుగా చెప్పాల్సినది. చదివేవాళ్ళు ఒక తువ్వాలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

కాదు లెండి. ఏసీ కారులో అవనిగడ్డ నుంచి గుడివాడ వెళ్ళి, డాక్టరుకి చూపించుకుని, వచ్చేటప్పుడు చల్లపల్లిలో ఇడ్లీ తిని ఇంటికొచ్చాం. ఆ తల్లిని నేనే. నది దాటడం ఆలస్యమైన మాట నిజమే కానీ అది ముందున్న ఇసుక లారీ వల్ల. అయినా రాస్తున్నాను. ఆ రోజు ఆ డాక్టరు గదిలో నేను చూసినది నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. రాస్తే కుదురుతుందేమో.

పాప బందరు ఆసుపత్రిలో ఆపరేషన్‌తో పుట్టింది. మా అమ్మ వాళ్ళ అక్క, అంటే మా పెద్దమ్మ, నాకు తోడుగా ఉండటానికి వచ్చింది. తోడు అనడం మర్యాదకి. ఆ గదిని ఆవిడ పరిపాలించింది. సరిగ్గా అదే వారంలో వాళ్ళింట్లో గేదె ఈనింది. ఆ గేదె మొదటి పాలతో, బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, స్టీలు క్యారేజీలో బందరు దాకా మోయించుకొచ్చింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ గిన్నెలో ముక్క పెట్టి, "తినండి, మొదటి రోజు పాలు, బలం" అని చెప్పేది. అలా చెబుతూనే, నాకు వచ్చిన మొదటి పాలను దూదితో తుడిచి చెత్తబుట్టలో వేసేది.

"ఇవి ముర్రుపాలే. పచ్చగా ఉన్నాయి చూడు. పసిదానికి అరగవు."

"మరి గేదెవి?"

"గేదెవి బలం అన్నానుగా."

"దూడకి అరుగుతాయా?"

"దూడకి ఎవరు వదిలారే?" అంది, జున్ను ముక్క కోస్తూ.

నర్సు వచ్చి "అవే పట్టించాలండీ" అని గట్టిగానే చెప్పేది. ఆవిడ గుమ్మం దాటగానే ప్రభుత్వం మారిపోయేది. పాప నోట్లో పంచదార నీళ్ళు పడేవి. నేను మత్తులో ఉన్నాను, కుట్లు లాగుతున్నాయి, ఎదిరించే ఓపిక లేదు. పైగా నాకు జున్ను కూడా పెట్టలేదు. బాలింతకి పత్యమట.

ఇంటికి పంపే రోజు పాప బరువు చూసి, పుట్టినప్పటికంటే తగ్గిందన్నారు. మొదట్లో కొంత తగ్గడం మామూలేనట. కానీ ఇంకా తగ్గితే చేర్చుకోవాల్సి వస్తుందని చెప్పారు. ఆ మాటని నేను నవ్వుతూనే విన్నాను. అన్నీ నవ్వుతూనే వింటాను, అది నా జబ్బు. కారు ఎక్కాక చూసుకుంటే వాళ్ళిచ్చిన బరువు చీటీ చేతి చెమటకి మెత్తబడిపోయి ఉంది.

దివిసీమలో, అవనిగడ్డలో ఉన్న మా అమ్మ వాళ్ళింట్లో మా పాప దినచర్య ఇదీ: నోరు పెట్టడం, నాలుగు లాగులు లాగడం, నిద్రపోవడం, లేచి ఏడవడం. పాప నోరు పెట్టినప్పుడల్లా నేను మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని, అంత నొప్పి. తడిపే గుడ్డలు తగ్గుతూ వచ్చాయి. ఏడుపులో కూడా మునుపటి గట్టిదనం లేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దంగా ఉండే మనిషి మరొకరు లేరు కాబట్టి ఆ నిశ్శబ్దం నాకు బాగా వినపడేది.

పాలు చాలడం లేదని అందరూ తీర్మానించారు. ఎందుకు చాలడం లేదన్న దానికి మాత్రం ఎవరి శాస్త్రం వాళ్ళది. నేను నీళ్ళు తాగుతున్నాను కాబట్టి పాలు పలచబడ్డాయని పెద్దమ్మ. కోపంగా ఉన్న తల్లి పాలు లోపలే విరుగుతాయని పెద్దమ్మ ఫోనుకి వచ్చిన వీడియో. దానికి నాకు కోపం వచ్చింది, దాంతో వీడియో నిజమైపోయింది. మా అత్తగారు మంగినపూడి నుంచి పాలసొర చేప తెప్పించి పంపారు. బాలింతకి పాలసొర పుట్టు, అంటే ఆ చేపని ఉడికించి కారం వేసి పొడిగా వేయించిన కూర, పెడితే పాలు పొంగుతాయంటారు. నాకు పొంగినవి కన్నీళ్ళే. అందులో కొంత భాగం కారానిది.

ఇక మా ఆయన. ఆయనకి గుడివాడలో ట్రాక్టరు విడిభాగాల షాపు ఉంది. ఇంజిన్ ఆయిల్ రెండు వేళ్ళ మధ్య రుద్ది చిక్కదనం చెప్పగలరు. ఆ అర్హతతో ఒక గాజుగ్లాసులో నీళ్ళు తెచ్చి, అందులో నా పాలు ఒక చుక్క వేసి, కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. తెల్లకోటు వేసుకున్నాయన ఎవరో వీడియోలో అలా చేసి చూపించాడట.

"కరిగిపోతోందే. కిందికి దిగాలట," అన్నారు దిగులుగా.

"దిగకపోతే ఏం చేస్తారు? గ్రేడు మారుస్తారా?"

నవ్వలేదు. గ్లాసు కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి, ఇంకో చుక్క అడిగారు. ఆయనా నాలాగే భయపడుతున్నారని అప్పుడర్థమైంది. కాకపోతే ఆయన భయం ప్రయోగాలు చేస్తోంది, నాది జోకులు వేస్తోంది.

నేను ఫోన్లు మొదలుపెట్టాను. తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు. హలో అనగానే జవాబు వచ్చేసేది. పాలు పెరిగే పొడి కొనమని ఒకరు, డబ్బా పాలు మొదలుపెట్టమని ఒకరు, పిల్లకి దిష్టి తగిలిందని ఒకరు. ఒక్కరు కూడా పాపని చూడలేదు. చివరికి గుడివాడలో ఒక పిల్లల డాక్టరు గారు, పాలివ్వడం గురించి ప్రత్యేకంగా నేర్చుకున్నావిడ, అంతా విని ఇలా అన్నారు:

"నాకు తెలీదమ్మా. చూస్తేగానీ చెప్పలేను. పాప చురుకు తగ్గిందంటున్నావు కాబట్టి ఇవాళే రా. ఈలోగా పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడుతూ ఉండు. ఇక్కడికి వచ్చాక నా ముందు పాలివ్వాలి."

తెలీదు. ఆ వారంలో నేను విన్న మొదటి వైద్యసలహా అదే. కళ్ళు చెమర్చాయి. ఈసారి కారం కాదు.

అప్పుడు నది అడ్డొచ్చింది.

"పురుడు తీరకుండా బాలింత ఏరు దాటకూడదు," అంది పెద్దమ్మ గుమ్మంలో నిలబడి.

"బందరు నుంచి వచ్చేటప్పుడు దాటాం కదా పెద్దమ్మా, పులిగడ్డ దగ్గర?"

"అది ఇంటికి రావడం. ఇది వెళ్ళడం."

"నదికి ఆ తేడా తెలుస్తుందా?"

"నీకు తెలీకపోయినా దానికి తెలుస్తుంది."

దివిసీమలో పుట్టినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా ఏరో సముద్రమో దాటాలి. ఇలాంటి చోట ఆ ఆచారం పెట్టినవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నేను ఆ మాట అనబోతుంటే, అప్పటిదాకా నోరెత్తని మా అమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాగు. అక్కా, నువ్వు కారెక్కుతావా, ఇంటి దగ్గరుంటావా?"

పెద్దమ్మ కాసేపు నదివైపు చూసింది. తర్వాత వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

గుడివాడలో డాక్టరు గారు నా పాలని చూడలేదు. పాపని చూశారు. తూకం వేశారు, ఇంకాస్త తగ్గింది. నాలుక ఎత్తి చూశారు, చర్మం నొక్కి చూశారు. తర్వాత "ఎప్పుడూ పట్టించేట్టే పట్టించు" అన్నారు. నేను కూర్చున్నాను. పొత్తిగుడ్డలో బిగించి చుట్టిన పాపని పెద్దమ్మ నా ఒళ్ళో పెట్టి, అలవాటు ప్రకారం తల వెనక చెయ్యి వేసి రొమ్ముకేసి నొక్కింది. పాప వెనక్కి విరుచుకుని కెవ్వుమంది.

"ఆపండి," అన్నారు డాక్టరు గారు. కోపంగా కాదు. "మీ తల వెనక చెయ్యేసి పళ్ళెంలోకి ఎవరైనా నొక్కితే మీరు తింటారా అండీ?"

పెద్దమ్మ చెయ్యి తీసేసింది.

నన్ను వెనక్కి జారగిలబడమన్నారు. పాప గుడ్డలన్నీ విప్పించి, నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన పల్చటి తువ్వాలు కప్పించారు. "ఊరికే జారిపోకుండా చేతులు అడ్డం పెట్టు. ఎవరూ సాయం చెయ్యకండి. చూడండి."

కాసేపు ఏమీ కాలేదు. నా మీద ఒక వెచ్చటి ముద్ద ఊపిరి తీస్తోంది, అంతే. ఇదేం వైద్యం అని జోకు ఒకటి తయారుచేసుకుంటున్నాను.

పాప తలెత్తింది. మెడ నిలవని పిల్ల. ఎత్తి, తూలి, పడేసింది. మళ్ళీ ఎత్తింది. కాళ్ళు నా పొట్ట మీద తన్ని, ఒక బెత్తెడు జరిగింది. చెంప ఆనించి వాసన చూసింది. పిడికిలి నాకింది, అది కాదని వదిలేసింది. మళ్ళీ తన్నింది. కళ్ళు సరిగా ఆనని ప్రాణి, ఊరు, నది, పెద్దమ్మ ఇవేవీ తెలియని ప్రాణి, ఎక్కడికి వెళ్ళాలో తెలిసినట్టు వెళ్తోంది. ఊపిరి గట్టిగా తీస్తే ఎక్కడ దారి తప్పుతుందోనని నేను బిగబట్టాను. గడ్డం ఆనింది. నోరు తెరిచింది. అంత పెద్ద నోరు ఆ మొహంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తనంతట తనే నోటినిండా పట్టుకుంది.

నొప్పి లేదు. దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాను. రాలేదు.

"వినండి," అన్నారు డాక్టరు గారు.

చిన్న శబ్దం. గుటక. కాస్త ఆగి ఇంకొకటి. చెవి దగ్గర దవడ కదులుతోంది. మా ఆయన గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయారు. ఇంజిన్ మొదటిసారి అందుకున్నప్పుడు కూడా ఆయన మొహం అలా వెలగగా నేను చూడలేదు. నా దగ్గర తయారుగా ఉన్న జోకు ఏమైందో నాకిప్పటికీ దొరకలేదు.

"దీనికెవరు చెప్పారే?" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. గుళ్ళో కూడా ఆవిడ గొంతు తగ్గదు.

"అది పుట్టడమే నేర్చుకుని పుట్టిందండీ. మనం బిగించి కట్టి, నొక్కి, రొమ్ము చివర మాత్రమే నోట్లో పెడుతున్నాం. అందుకే ఈ అమ్మాయికి నొప్పి, పాపకి ఆకలి. పాలు ఉన్నాయి. నోట్లోకి రావడం లేదు."

పెద్దమ్మ ఎవరూ అడగకుండానే అంది, "మొదటి పాలు నేనే తుడిచి పారేశానండీ."

"పోయినవి పోయాయమ్మా. తేనె, పంచదార నీళ్ళు మాత్రం ఇక వద్దు."

నీళ్ళ సంగతి అడిగితే దాహం వేస్తే తాగమన్నారు. పాలసొర సంగతి అడిగితే, "తిను. పాలు పెరుగుతాయని నేను చెప్పలేను. రుచిగా ఉంటుందని చెప్పగలను" అన్నారు. డబ్బా పాల గురించీ దాపరికం లేదు. "బరువు పెరగకపోతే అవీ ఇద్దాం, విషమేమీ కాదు. మళ్ళీ తూచి నిర్ణయిద్దాం. అందాకా రోజుకి ఎన్నిసార్లు తడుపుతోందో చూస్తూ ఉండండి."

వచ్చేటప్పుడు పామర్రు దగ్గర రోడ్డు పక్కన ఆటోలో ఎవరిదో పిల్ల ఏడ్చింది. నా జాకెట్టు పాలతో తడిసిపోయింది. ఎవరి పిల్లో కూడా అడగలేదు నా ఒళ్ళు. నేను ఇన్నేళ్ళుగా కాపురం ఉంటున్న శరీరంలో ఇలాంటి గది ఒకటి ఉందని నాకెవరూ చెప్పలేదు. నవ్వొచ్చింది, కొంచెం దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

తర్వాత రోజుల్లో పొత్తిగుడ్డలు ఆరేయడానికి తీగ చాల్లేదు. పాప ఏడుపు మళ్ళీ వీధి చివరిదాకా వినపడటం మొదలైంది. పెద్దమ్మ పాప తల వెనక చెయ్యి పెట్టబోయి, తన చేతిని తనే వెనక్కి లాక్కునేది.

మళ్ళీ తూకానికి గుడివాడ వెళ్ళాం. పాపని తక్కెడలో పెట్టారు. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. మేం ఆశపడిన దానికంటే బాగా ఎక్కువ. మా ఆయన అక్కడికక్కడే ఫోను తీసి, "పెద్దత్తయ్యగారూ, పెరిగిందండీ, బ్రహ్మాండంగా పెరిగింది!" అని కేకేశారు. డాక్టరు గారు తక్కెడలోకి తొంగిచూసి, దారికని వేసిన డైపరు విప్పించి మళ్ళీ తూచారు. పెరిగిన మాట నిజమే, డబ్బా అవసరం లేనంతగా పెరిగింది, కానీ బ్రహ్మాండంగా ఏమీ కాదు.

పిల్లల్ని తూచే ముందు డైపరు తీసెయ్యాలి. తడిసిన డైపరు చాలా బరువుంటుంది.