ఎడమపక్క దుప్పట్లు

లాండ్రీకి బట్టలు తెచ్చే పాతవాళ్ళు అతన్ని ఇప్పటికీ తుఫాను అనే పిలుస్తారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని లోపలికి తొంగిచూస్తారు. ఇస్త్రీ బల్ల దగ్గర, చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, ఒక ఆవులింత పూర్తిచేసుకుని గాని పెట్టె ఎత్తని నింపాది మనిషి కనిపిస్తాడు. ఎవరో వెటకారానికి పెట్టి ఉంటారులే అనుకుని వెళ్ళిపోతారు.

వెటకారం కాదు. పదిహేడేళ్ళప్పుడు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌తో వచ్చిన పేరది. బంతిని కాలికింద నొక్కిపట్టి, ఎదుటివాడి ముందు ఒక్క క్షణం ఆగి, చటుక్కున కుడిపక్కనుంచి తప్పించుకుపోయేవాడు. డిఫెండర్లు అతను వెళ్ళిపోయాక కాలు చాపేవాళ్ళు. ఆ ఏడాదంతా జనం ఎక్కడ కనబడితే అక్కడ "ఏదీ, ఆ తిప్పుడు ఒక్కసారి" అని అడిగారు. పెళ్ళి భోజనాల దగ్గర బంతి లేకపోతే నిమ్మకాయ దొర్లించారు. అతనూ ఎవరినీ కాదనలేదు.

రెండో ఏడాది డిఫెండర్లు అతని కుడిపక్కకే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు, బస్సు ఎటునుంచి వస్తుందో తెలిసినవాళ్ళలాగా. "ఎడమకి పోరా నాయనా" అని కోచ్ గట్టు మీంచి గొంతు చించుకున్నాడు. ఎడమకి పోబోయిన ప్రతిసారీ తుఫాను కాలు గాల్లో ఆగిపోయేది. మూడో ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత బెంచీ కూడా వేరేవాళ్ళకి అవసరమైంది. లాండ్రీ నడిపే పిన్ని పిలిచి ఇస్త్రీపెట్టె చేతికిచ్చింది.

ఇలా ఎందుకు జరిగిందనే విషయంలో వీధికి స్పష్టమైన అభిప్రాయాలున్నాయి. పక్క సెలూన్ నడిపే బాబాయిది మరీ స్పష్టం. "నా దగ్గర జుట్టు కత్తిరించుకున్నంత కాలం గోల్స్ కొట్టాడు. పేరు రాగానే బజార్లో అద్దాల సెలూన్‌కి పోయాడు. ఇంకేం చెప్పమంటావు?" తుఫాను మాత్రం అడిగినవాళ్ళందరికీ మోకాలు అని చెప్పేవాడు. ఒకరికి కుడి మోకాలు, ఇంకొకరికి ఎడమది. ఆ రోజు ఏ కాలు పీకుతుంటే ఆ కాలు.

తనకైనా అసలు కారణం తెలిసింది ఈమధ్యనే, అదీ మేనకోడలి వల్ల.

అక్క ఆస్పత్రిలో నర్సు. ఆమె డ్యూటీలు మారుతుంటాయి కాబట్టి కూతురు స్కూలు వదలగానే లాండ్రీకే వస్తుంది. తుఫాను ఎక్కడ ఆట నేర్చుకున్నాడో ఆ పిల్లా అక్కడే నేర్చుకుంది, లాండ్రీ వెనక పెరట్లో. ఈ వేసవిలో ఊరి అమ్మాయిల జట్టులోకి తీసుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టింది. పేపర్లో ఫొటో వచ్చింది. సెలూన్ బాబాయి దాన్ని అద్దానికి అంటించి, "జడ వేసుకుంటుంది కాబట్టి దీనికి జుట్టు గండం లేదు" అని తేల్చాడు.

ఆ మ్యాచ్ అయ్యాక తుఫాను నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి ఉండగా, ఓడిన జట్టు డిఫెండర్ తన స్నేహితురాలితో అన్న మాట చెవిన పడింది.

"ఆ పిల్ల కుడికే పోతుందే. చివర్లో కనిపెట్టాను. మళ్ళీ నెల మన మీదకే వస్తుందిగా, రానీ."

తుఫాను సీసా నిండి నీళ్ళు చెప్పుల మీద పడుతున్నా అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు ఇస్త్రీ చేస్తూ కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. పెరడు మధ్యలో ఏనాడో చెడిపోయిన వాషింగ్ మెషీన్ ఉంది. వెనక గోడ మీద బొగ్గుతో గీసిన గోల్ ఉంది. మెషీన్‌కి ఎడమపక్క దండేల నిండా హోటల్ గదుల తెల్ల దుప్పట్లు. మధ్యాహ్నపు ఎండ అటే పడుతుంది. పిన్ని రూలు పాతికేళ్ళుగా మారలేదు: దుప్పటికి బంతి తగిలితే తగిలించినవాళ్ళే మళ్ళీ ఉతకాలి, అదీ చేత్తో. మేనకోడలు బంతితో వచ్చి, మెషీన్ ముందు ఒక్క క్షణం ఆగి, చటుక్కున కుడిపక్కనుంచి తప్పించుకుపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కుడికే.

ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో ప్యాంటు కమురు వాసన వచ్చేదాకా తుఫాను కదల్లేదు.

పిన్ని పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు చూసి దండేలన్నీ విప్పి కుడిపక్క కట్టాడు. సాయంత్రం బుగ్గ వాపుతో వచ్చిన పిన్ని సరాసరి పడుకుంది. మేనకోడలు మాత్రం పెరట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మావయ్యా, ఇటు దారి లేదు."

"అటు ఉందిగా."

"అటు నా కాలు పోదు."

"పోతుంది, పోనీయ్."

"ఏదీ, నువ్వు పోయి చూపించు."

తుఫాను లుంగీ ఎగ్గట్టి బంతి తీసుకున్నాడు. మెషీన్ ముందు ఆగాడు. ఎడమకి పోదామని గట్టిగా అనుకున్నాడు. పోయి కుడిపక్క దుప్పట్లలో పడ్డాడు. మేనకోడలు నవ్వలేక కింద కూర్చుంది.

ఆ పిల్ల మూడు రోజులు తడబడి నాలుగో రోజుకి ఎడమకి నాలుగడుగులు వేయగలిగింది. ఐదో రోజు హోటల్ మేనేజరు ఫోన్ చేశాడు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయట, గదులన్నీ తడిసిన కుక్క వాసన వస్తున్నాయట. పిన్ని ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, నీడలో వేలాడుతున్న దుప్పట్లని చూసి, వచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది.

"ఎవర్రా మార్చింది?"

"నేనే పిన్నీ. నా ఆట పోయింది ఈ దుప్పట్ల వల్లే. ఎడమపక్క ఇవి ఉన్నాయనే నాకు ఎడమకి పోవడం రాలేదు. దానికీ అదే అవుతోంది."

పిన్ని ఇంకా వాపు తగ్గని బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"అంటే నీ ఆట చెడగొట్టింది నా దుప్పట్లు."

"అవును."

"మరి ఆ కుడిపక్క తిప్పుడు నేర్పిందెవరు? మొదటి ఏడాది గోల్స్ కొట్టించిందెవరు? పేపర్లో నీ ఫొటో పడ్డప్పుడు వచ్చి వీటికి ఒక దండ అయినా వేశావా?"

తుఫాను అప్పటికే తడిసిన చొక్కా కాలరు మీద మళ్ళీ నీళ్ళు చిలకరించాడు.

"ఇన్నాళ్ళూ మోకాలన్నావు," అంది పిన్ని. "నీకోసం నేను తైలం కొన్నాను. రెండు మోకాళ్ళకీ. సాయంత్రంలోగా దండేలు పాతచోట ఉండాలి."

ఉన్నాయి. కానీ మేనకోడలికి అప్పటికే ఎడమ రుచి తెలిసింది. దుప్పట్లు తిరిగొచ్చినా అటే పోయింది, పోయిన ప్రతిసారీ ఒక తెల్ల దుప్పటి మీద గుండ్రటి మట్టి మచ్చ వేసింది. రూలు ప్రకారం ఆ పిల్లే ఉతకాలి. పిన్ని బజారుకి వెళ్ళిన సమయం చూసి తుఫాను తొట్టి దగ్గర కూర్చుని ఉతికేవాడు. రెండుమూడుసార్లు పిన్ని తొందరగా తిరిగొచ్చింది గాని, వీధి తలుపు దగ్గరే గట్టిగా దగ్గి, పక్క సెలూన్‌లో కాసేపు కూర్చుని వచ్చింది.

మ్యాచ్‌కి పిన్ని కూడా వచ్చింది. అంతకుముందు ఆవిడ ఎప్పుడూ మైదానం గడప తొక్కలేదు. తుఫాను ఆడే రోజుల్లో కూడా దుప్పట్లు ఆరేది మ్యాచ్‌లు జరిగే ఆ మధ్యాహ్నపు ఎండలోనే. ఇప్పుడు గొడుగు వేసుకుని, అతనికీ సెలూన్ బాబాయికీ మధ్య కూర్చుంది.

కుళాయి దగ్గర మాట్లాడిన ఆ డిఫెండర్ ముందే వచ్చి కుడిపక్క కాపు కాసింది. మేనకోడలు ఎడమకి పోయింది. బంతి పోగొట్టుకుంది. మళ్ళీ ఎడమకే పోయి బంతి మీద కాలేసి జారిపడింది. జనం ఉసూరుమన్నారు. మూడోసారి పోయినప్పుడు వెనకనుంచి ఎవరో, "పోయినసారి బానే ఆడిందే, ఇంతలో ఏమైంది?" అన్నారు.

"ఏమవుతుంది," అన్నాడు సెలూన్ బాబాయి. "మేనమామ పోలిక."

పిన్ని గొడుగు అటు తిప్పింది. "నీ దగ్గర మొదటిసారి గుండు గీయించుకున్నవాడు ఎన్ని గాట్లతో ఇంటికి పోయాడో చెప్పనా?"

బాబాయి మైదానం వైపు తిరిగి శ్రద్ధగా ఆట చూశాడు.

తుఫాను వాళ్ళ మాట వినడం లేదు. అతను డిఫెండర్ కాళ్ళనే చూస్తున్నాడు. కుడిపక్క పాతేసినట్టు ఉన్న ఆ పిల్ల మొదట ఒక అడుగు లోపలికి జరిగింది. తర్వాత ఇంకో అడుగు. ఆట ముగియబోతుండగా ఎటు పోతుందో తెలియక సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది. మేనకోడలు ఒక్క క్షణం ఆగి, ఎడమకి వంగి, చటుక్కున కుడిపక్కనుంచి వెళ్ళిపోయింది. డిఫెండర్ ఆలస్యంగా కాలు చాపింది. బంతి గోల్ మీంచి పోయి పార్కింగ్‌లో ఉన్న కారుకి తగిలింది. జట్టు ఓడిపోయింది.

మైదానం మొత్తమ్మీద నవ్వుతున్నవాడు తుఫాను ఒక్కడే. జనం జాలిగా చూశారు.

మర్నాడు పొద్దున అతను వచ్చేసరికి పెరట్లో కుడిపక్క కూడా కొత్త దండేలు ఉన్నాయి. తడి దుప్పట్లన్నీ అటే ఉన్నాయి.

"పొద్దుటెండ ఇటు, మధ్యాహ్నపు ఎండ అటు," అంది పిన్ని. "రెండూ వాడుకుంటే త్వరగా ఆరతాయి. నాకు ముందే తోచాల్సింది."

"మధ్యలో ఇవన్నీ అటు మార్చేదెవరు?"

"తైలం పూసుకున్నవాళ్ళు."

పిన్ని లోపలికి వెళ్ళింది. బంతి మెషీన్ పక్కనే ఉంది. తుఫాను అటూ ఇటూ చూశాడు. ఎడమపక్క పెరడు ఖాళీగా, ఒక్క దుప్పటి కూడా లేకుండా ఉంది. లుంగీ ఎగ్గట్టి, నాలుగడుగులు పరిగెత్తి, మెషీన్ ముందు ఒక్క క్షణం ఆగాడు.

తడి దుప్పటి తలనుంచి మోకాళ్ళదాకా చుట్టుకుంది. దండెం ఫట్టున తెగి, మిగతావి కూడా మట్టిలో పడ్డాయి. కిటికీలోంచి పిన్ని గొంతు వినిపించింది.

"అవి ఉతికాకే ఇస్త్రీ."

గోడ అవతలనుంచి సెలూన్ బాబాయి తల పైకొచ్చింది. దుప్పట్లో కొట్టుకుంటున్న మనిషిని కాసేపు చూశాడు.

"ఏ మోకాలురా?" అన్నాడు.