ఉర్కియోలా పంపిన పిస్తోళ్లు

స్పెయిన్‌లో తుపాకుల తయారీకి పేరుపడ్డ ఎయిబార్ ఊళ్లో బిసెంతే ఉర్కియోలా గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఫ్రాన్సును గట్టెక్కించాడని ఆయన సమాధిఫలకం చెబుతుంది. నాసిరకం ఉక్కు అంటగట్టాడని పోటీదారులంటారు. పాపం, ఆయనకేమీ తెలియదని బంధువులంటారు. మూడూ అబద్ధాలే. ఉక్కు మంచిదే.

1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, ఫ్రెంచి సైన్యానికి పిస్తోళ్లు తెగ కావలసి వచ్చాయి. అంతవరకు వేట తుపాకులు బాగుచేసుకుంటూ బతికిన ఉర్కియోలా ఒప్పందం సంపాదించి, వారం తిరక్కుండా ఫ్రాన్సు రక్షకుడి పోజు పెట్టాడు. ఆ ఊరి పనివాళ్లకు కొలబద్దకన్నా ఆకురాయి మీదే నమ్మకం. తూటాలు నింపే డబ్బీని ఎదుటనున్న పిస్తోలు పిడిలో దూర్చి, పట్టేసినచోట అరగదీసి, మళ్లీ దూర్చేవారు. ఏ డబ్బీ ఆ పిస్తోలుకే.

లెక్క త్వరగా తేలుతుందని ఉర్కియోలా పిస్తోళ్లను కొన్ని పెట్టెల్లో, డబ్బీలను వేరే పెట్టెల్లో సర్దమన్నాడు. ఆకురాయి పనిలో ఆరితేరిన యులియానా అడ్డుపడింది.

"అయ్యా, జతలు విడదీయకండి. పోనీ రెంటిమీదా ఒకే అంకె కొట్టనివ్వండి. మా తమ్ముడు దోమెకా ఫ్రెంచివాళ్ల తరఫున ఆ యుద్ధంలోనే ఉన్నాడు."

"అంకెలు కొడుతూ కూర్చుంటే సరుకు గడువులోగా వెళ్లినట్టే! రెండూ నా ఇంట్లో పుట్టినవేగా, కలవకేం?"

"మీ ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు ఒకరి చెప్పులొకరు తొడుక్కుంటున్నారేంటి?"

అందరూ నవ్వారు. ఉర్కియోలా ఉక్రోషంగా ఆమె పిస్తోలు తీసి, పక్క బల్లమీది డబ్బీ దూర్చాడు. సగంలో ఆగింది. ఇంకొకటి దూర్చాడు. అదీ ఆగింది. రెంటినీ మెల్లగా బల్లమీద పెట్టి, "సాయంత్రంలోగా పెట్టెలకి మేకులు కొట్టెయ్యండి" అన్నాడు.

తనిఖీకి వచ్చిన ఫ్రెంచి అధికారికి మాత్రం యులియానా బల్లమీది పన్నెండు జతలు చూపించాడు. పన్నెండూ టక్కున ఎక్కాయి. అధికారి మెచ్చుకుని, సంతకం చేసి, ఆపిల్ సారా తాగి వెళ్లాడు.

వసంతంలో దోమెకా ఉత్తరం వచ్చింది. సారా అంగట్లో ఉర్కియోలా ఎదుటే యులియానా దాన్ని పైకి చదివింది.

"అక్కా, నాకిచ్చిన పిస్తోలు మీ కార్ఖానాదే. తొమ్మిది డబ్బీలు చూశా, ఒక్కటీ ఎక్కలేదే. దాంతో మేకులు దిగ్గొట్టుకుంటున్నా. నీ ఆకురాయొకటి పంపు."

"విన్నారా? మేకులు కొట్టినా చెక్కు చెదర్లేదు. అదీ నా ఉక్కు!" అన్నాడు ఉర్కియోలా.

యులియానా పంపిన ఆకురాయి పొట్లం వేసవిలో విప్పకుండానే తిరిగి వచ్చింది. దోమెకా రాలేదు. పిస్తోలు పేలి ఉంటే అతడు బతికేవాడనడానికి ఆధారం లేదు. ఆ నింద మోపడం న్యాయం కాదు. ఆధారమున్నది ఒక్కదానికే. డబ్బీ సగంలో ఆగిపోవడం ఉర్కియోలా స్వయంగా చూశాడు. చూసి, పెట్టెలకు మేకులు కొట్టించాడు.