పదడుగుల తాచు

కామరాజు గారికి అబద్ధమాడటం చేతకాదు, ఒక్క పాము విషయంలో తప్ప. నాచారంలో ఆయన కాలనీ వెనుక ఒక కుంట, కుంట నడుమ గడ్డి మొలిచిన దిబ్బ. ఆ దిబ్బ మీద తాచుపాము ఉందని కనబడ్డవాళ్ళకల్లా చెప్పేవారు. మొదట్లో అది నాలుగడుగులే. ఏటేటా పెరిగి పదడుగులకు వచ్చింది.

పక్కింటి రాములమ్మకు ఆ పాము కథంతా కంఠతా వచ్చు. బతుకమ్మకు గునుగుపూలు కోద్దామని ఆమె దిబ్బ వైపు కదిలితే చాలు, కామరాజు గారు చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చేవారు.

"ఆగమ్మా! పొద్దున్నే చూశాను. పడగ చేటంత ఉంది!"

"పోయినేడు పళ్ళెమంత అంటిరి గద సారూ?"

"ఎదిగే వయసమ్మా దానిది."

తర్వాత ఆయనే లుంగీ ఎగగట్టి, మోకాలిలోతు నీళ్ళలో దిగి, వాడకట్టుకంతా పూలు కోసుకొచ్చేవారు. తాచుకే జంకని మొనగాడని అందరూ దండం పెట్టేవారు. ఆ దండాలను ఆయన వద్దనేవారు కాదు.

ఈసారి పదడుగుల మాట కొంప ముంచింది. పిల్లలు తిరిగే చోట అంత పామా అని కాలనీ అధ్యక్షుడు మహిపాల్ దిబ్బను చదును చేయించడానికి జేసీబీని పిలిపించాడు. అది కుంట గట్టు మీదికి ఎక్కేసరికి కామరాజు గారు నీళ్ళలోకి దిగి అడ్డంగా నిలబడ్డారు. ఆయన ముఖం అంతలా పాలిపోవడం రాములమ్మ ఎన్నడూ చూడలేదు.

"తాచు లేదు. ఏనాడూ లేదు. అబద్ధం చెప్పాను."

"గిదేంది సారూ, గిప్పుడు జెప్తున్నరు?" అన్నాడు మహిపాల్. "మరి ఆడ ఏమున్నది?"

కామరాజు గారు దిబ్బ ఎక్కి, గడ్డి పాయదీసి, గుప్పిట్లో ఏదో పట్టుకొచ్చారు. విప్పితే పెన్సిలంత పాము, ఆయన వేలికి చుట్టుకుని ఉంది.

"ఇవే ఉన్నాయి. విషం లేదు, ఎవరి జోలికీ రావు. చుట్టుపక్కల కుంటలన్నీ పూడ్చేశారు, వీటికి ఈ దిబ్బే మిగిలింది. పాము కనబడితే మనవాళ్ళ చేయి ముందు కర్ర మీదికే పోతుంది. అందుకని..."

ఇన్నేళ్ళ మొనగాడు తడిసిన లుంగీతో తలవంచుకుని నిలబడ్డాడు. రాములమ్మ చేయి చాపింది. పాము మెల్లగా ఆమె గాజుల మీదికి పాకింది.

"సల్లగున్నది," అందామె, మహిపాల్ వైపు చూస్తూ. "గింత పానానికి గంత పెద్ద మిషినా అన్నా?"

మహిపాల్ జేసీబీని వెనక్కి పంపేశాడు.

మరుసటి వారమే రామంతాపూర్ వైపు నుంచి ఒక ట్రాక్టరు, కూల్చిన ఇంటి మట్టినీ ఇటుకలనూ కుంటలో పోయడానికి వచ్చింది. కామరాజు గారు నోరు తెరిచారు. మళ్ళీ అబద్ధమాడే మొహం లేక మూసుకున్నారు.

రాములమ్మ కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది.

"ఓ డ్రైవరన్నా, కిందికి దిగకు! పన్నెండడుగుల నాగుంబామున్నది. నిన్ననే సూసిన!"

డ్రైవరు కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. ట్రాక్టరు వచ్చిన దారినే పోయింది.

"పన్నెండా, రాములమ్మా?" అన్నారు కామరాజు గారు మెల్లగా.

"ఎదిగే వయసు గద సారూ!"