పొట్టలేని సీతాకోకచిలుకలు

మ్యూజియంలో సీతాకోకచిలుకల గదికి ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనే కాపలా. నడుముకి తాళాలగుత్తి వేలాడుతుండేది కాబట్టి అందరూ తాళాలాయన అనేవారు. మనుషుల్ని నమ్మడం ఆయన ఒంటికి పడదు. కూరగాయలు తెచ్చిన సంచీ కూడా రెండుసార్లు దులిపి చూస్తాడని భార్య నవ్వేది.

కొత్తగా వచ్చిన పరిశోధకురాలు పదిహేడో సొరుగు అడిగింది. అందులో సూదులతో గుచ్చి ఉంచినవి ముప్ఫైనాలుగు స్కిప్పర్ సీతాకోకచిలుకలు. గోధుమ రంగు, రెక్కల మీద తెల్లమచ్చలు, ఆసియా అడవుల్లో గెంతులేస్తున్నట్టు ఎగిరే రకం. ముప్ఫైనాలుగూ ఒకే పేరు కింద ఉన్నాయి.

రెండో వారం సొరుగు తుడవబోయి ఉలిక్కిపడ్డాడు. మూడింటికి పొట్టలు లేవు. పురుగు తింటే పొడి రాలాలి, రాల్లేదు. మర్నాటికి అయిదయ్యాయి.

ఇక ఆ అమ్మాయి మీద కన్నేశాడు. టీ ఇచ్చే నెపంతో బల్ల దగ్గరికి వెళ్తే, చప్పున ఓ చిన్న సీసాకి మూత పెట్టేసింది. ముక్కలు చేసి అమ్ముకుంటోందని భార్యతో అన్నాడు. సీతాకోకచిలుక పొట్ట ఎవరు కొంటారని ఆమె నవ్వింది. అయినా సోమవారం పై అధికారి చెవిన వేద్దామనుకున్నాడు.

అంతలో ఆ అమ్మాయే పిలిచింది. రెక్కలు చూస్తే ఇవన్నీ ఒకేలా ఉంటాయని, పొట్ట లోపలి భాగాలు చూస్తేనే ఏది ఏ రకమో తేలుతుందని చెప్పింది. పొట్టల్ని మందునీళ్లలో నానబెట్టి, నంబర్లు వేసి సీసాల్లో దాచింది. మూత ఆ ఘాటుకేనట.

"ఒక్కటే అంతుపట్టడం లేదు, బాబాయిగారూ. దీని రెక్క మీద మగదానికుండే గీత ఉంది. పొట్టేమో ఆడదానిది. ఎవరో జిగురుతో అతికించారు. ఈ సొరుగు ఇంకెవరు ముట్టుకున్నారు?"

ఆ అమ్మాయి కళ్లలో అనుమానం సూటిగా ఆయన మీదే నిలిచింది.

"నేనేనమ్మా. చేరిన ఏడాది సొరుగు చేజారింది. రెండిటి పొట్టలు ఊడిపోయాయి. ఉద్యోగం ఊడుతుందని భయపడి, ఏది దేనిదో చూడకుండా అతికించేశాను."

"రెండోది ఏది?"

తడుముకోకుండా చివరి వరసలో దాన్ని చూపించాడు. పరీక్షిస్తే నిజమే, తారుమారైంది. ఆ సంగతి రెండిటి కిందా చీటీ మీద రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది. పై అధికారి గట్టిగా మందలించి వదిలేశాడు.

ఆయన మాత్రం పెద్దగా మారలేదు. రోజూ ఆ అమ్మాయి వెళ్లాక సీసాలు లెక్కపెట్టేవాడు. ఆమెకీ తెలుసు. నంబర్ల జాబితా ఆయన కోసం బల్ల మీదే ఉంచి వెళ్లేది.