ఉత్తరం గోడలో సున్నం

డెట్రాయిట్‌లో ఆ పాత ఇటుకల చర్చిని తెలుగు క్రైస్తవ సహవాసం కొన్న రోజున అందరూ లోపల కీర్తన పాడుతున్నారు. కృపావరం మాత్రం బయటే ఉండిపోయాడు. గోడకి అరచెయ్యి ఆనించి, ఇటుకల మధ్య సందులో గోటితో గీకి, రాలిన పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. సున్నం, ఇసుక కలిపిన మాలు. నరసాపురం మిషన్ బంగళాకి వాళ్ళ నాన్న దానియేలు మేస్త్రీ గానుగలో ఆడించి పెట్టిన మాలు కూడా అచ్చం ఇలాగే వేళ్ళకి అంటుకునేది.

అది 1979. అప్పటికి కృపావరం అమెరికా వచ్చి మూడేళ్ళయింది. భార్య రూతు నర్సు. ముందు ఆమె వచ్చింది, తర్వాత ఆయన్ని రప్పించుకుంది. ఆయన ఒక తాపీ కంపెనీలో పనికి కుదిరాడు. సహవాసంలో మిగతా మగవాళ్ళంతా కార్ల కంపెనీల ఇంజనీర్లు, డాక్టర్లు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, "ఈయన రూతు సిస్టర్ హస్బెండ్" అని పరిచయం చేసేవారు. ఏం పని చేస్తాడో చెప్పేవారు కాదు.

రెండేళ్ళ తర్వాత చర్చి బాగుచేయించాలని కమిటీ వేశారు. సుందర్ రాజ్ దానికి పెద్ద. కాపురం ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఉద్యోగం కార్ల కంపెనీలో లోహాల బలం పరీక్షించే విభాగంలో. మసిబారిన గోడల్ని యంత్రంతో ఇసుక కొట్టి ఎర్రగా మెరిపించాలనీ, సందుల్లో పాత మాలు తీసేసి సిమెంటు దట్టించాలనీ, క్రిస్మస్‌కి ప్రతిష్ఠ ఆరాధన జరపాలనీ తీర్మానం చదివారు.

కృపావరం లేచి నిలబడ్డాడు. సభలో ఆయన నోరు తెరవడం అదే మొదటిసారి.

"ఇసుక కొట్టొద్దండి. ఇటుక పైపొర బట్టీలో కాలి గట్టిపడి ఉంటది. అది పోతే లోపలిది బిస్కట్టులాగా నీళ్ళు పీల్చేస్తది. ఇక సిమెంటు. ఈ ఇటుక మెత్తనిది. చుట్టూ సిమెంటు బిగిస్తే తాగిన నీరు బయటికి పోలేదు. ఈ చలికి లోపలే గడ్డకట్టి ఇటుక మొహం ఊడిపోద్ది. సున్నమే పెట్టాలండి."

"సున్నమేంటి బ్రదర్, కిళ్ళీ కొట్టా?" అన్నాడు మోహన్. హాలంతా నవ్వింది.

సుందర్ రాజ్ నవ్వలేదు. ఓపిగ్గా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "బ్రదర్ కృపావరం, స్ట్రెంగ్త్ టెస్ట్ చేయడమే నా జాబ్. సున్నం కంటే సిమెంట్ పదింతలు స్ట్రాంగ్. మీ ఫాదర్ రోజుల్లో సిమెంట్ దొరక్క సున్నం వాడారు. వుయ్ ఆర్ ఇన్ అమెరికా నౌ."

"బలం ఎక్కువైతేనే కదండీ బాధ..." అంటూండగానే చేతులెత్తమన్నారు. రూతు చెయ్యి ఒళ్ళోనే ఉంది. వద్దనీ ఎత్తలేదు, కావాలనీ ఎత్తలేదు.

పని ఆయన కంపెనీకే వచ్చింది. పరంజా మీదికి ఎక్కమని ఆయన్నే పంపారు. ఆ ఏడు ఊళ్ళో సగంమంది తాపీవాళ్ళు పని లేక ఇళ్ళలో కూర్చున్నారు. "మానేస్తానే," అన్నాడు రూతుతో. "మానేసి ఏం చేస్తారండీ? మీరు కాకపోతే ఇంకోడు పెడతాడు సిమెంటు," అంది ఆమె. అందులో అబద్ధం లేదు. మర్నాడు వెళ్ళి ఎక్కాడు.

ఐదు వారాలు తన చేతులతోనే ఆ గోడని చెడగొట్టాడు. సిమెంటు సందుల్లోకి నొక్కుతుంటే నాన్న చూస్తున్నట్టు మెడ వెనక మంటగా ఉండేది. ఉత్తరం వైపు గోడ ఇరుకు సందులోకి ఉంటుంది. వీధికి కనపడదు కాబట్టి దానికి ఇసుక కొట్టడం మానేశారు. ఫోర్‌మన్ అటు తొంగిచూడడు. అక్కడ నాలుగు రోజులు కృపావరం ఒక్కడే పనిచేశాడు. సొంతంగా సున్నం బస్తాలు తెచ్చుకుని, ఇసుక జల్లించి కలిపి, ఎనిమిది అడుగుల మేర నాన్న నేర్పినట్టు పెట్టాడు. వారం పాటు గోనెపట్టాలు తడిపి కప్పాడు. ఎవరికీ చెప్పలేదు. అమెరికా వచ్చాక ఆయన సంతోషంగా చేసిన పని ఆ నాలుగు రోజులదే.

క్రిస్మస్‌కి చర్చి కొత్త పెళ్ళికూతురిలా ఉందన్నారు. సుందర్ రాజ్‌కి శాలువా కప్పారు.

మొదటి రెండు చలికాలాలూ ఏమీ కాలేదు. మూడోది దాటాక మంచు కరుగుతుంటే ముఖద్వారం పక్కన ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. సిమెంటు గీతలు మాత్రం గళ్ళలా నిలబడి, మధ్యలో ఇటుకలు గుల్లయిపోయాయి. 1985 మార్చిలో, ఆదివారం ఆరాధన వదిలిన అరగంటకి, పైనుంచి గంపెడు ఇటుక మెట్ల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సిటీవాళ్ళు వచ్చి చర్చి మూసెయ్యమని తలుపులకి నోటీసు అంటించారు.

కమిటీ ఒక ఆర్కిటెక్టుని పిలిపించింది. పాత కట్టడాలు చూసే అమెరికన్ ఆమె. గోడలన్నీ తట్టి చూస్తూ ఉత్తరం సందులోకి వెళ్ళి ఆగిపోయింది. అక్కడ ఎనిమిది అడుగులు చెక్కుచెదరలేదు.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగింది ఇంగ్లీషులో.

"నేనేనండి," అన్నాడు కృపావరం. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. "ఈ బిల్డింగ్‌లో సరిగ్గా చేసిన పని ఇదొక్కటే," అంది. నాలుగేళ్ళుగా గుండెలో ఉన్న బరువేదో దిగినట్టయింది ఆయనకి. పక్కనే ఉన్న సుందర్ రాజ్ మొహం వైపు చూశాడు.

సుందర్ రాజ్ తెలుగులో అన్నాడు. "అంటే నీకు సరిగ్గా చేయడం వచ్చు. ఇక్కడ సరిగ్గా చేశావ్. మిగతాదంతా కావాలనే పాడుచేశావ్."

"మీరు చెప్పినట్టే చేశానండి. నేను ఆ రోజు సభలోనే..."

"నీ మాట నెగ్గలేదని దేవుని మందిరం మీద కక్ష తీర్చుకున్నావా బ్రదర్?"

ఆర్కిటెక్టు రాసిన పదకొండు పేజీల నివేదికలో తప్పు ఇసుకదీ సిమెంటుదీ అని స్పష్టంగా ఉంది. సభలో మాత్రం ఒక్క వాక్యమే చదివారు: పనితనం ఒకేలా లేదు, రెండు రకాల మాలు వాడారు. అందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. నాలుగేళ్ళ క్రితం ఆయన లేచి చెప్పిన మాట ఒక్కరికైనా గుర్తురాలేదు. గుర్తొచ్చినవాళ్ళు పలకలేదు. మోహన్ కీర్తనల పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. రూతు లేచింది. "ఆయన చెప్పారు. మీరే నవ్వారు," అంది. "సిస్టర్, ప్లీజ్ సిట్ డౌన్," అన్నారెవరో. అనుమతి లేని సరుకు వాడాడని కంపెనీ కూడా ఆయన్ని తీసేసింది.

బాగుచేయించే ఖర్చు తట్టుకోలేక అమ్మేస్తే, స్థలాన్ని ఎవరో పార్కింగ్ కోసం కొనుక్కున్నారు. చర్చిని రెండు రోజుల్లో కూల్చేశారు. సహవాసం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక స్కూలు హాలుకి మారింది. రూతు అక్కడికి వెళ్ళేది, కృపావరం మానేశాడు.

1988లో ఒక శనివారం సాయంత్రం సుందర్ రాజ్ వాళ్ళింటికొచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. కృపావరం అప్పటికి వేరే ఊళ్ళో పాత లైబ్రరీ గోడలకి సున్నం పెడుతున్నాడు. ఆర్కిటెక్టు ఇప్పించిన పని అది. రూతు కాఫీ పెట్టింది.

"ఆ రిపోర్టు మొన్న మళ్ళీ చదివాను," అన్నాడు సుందర్ రాజ్ కప్పు వైపు చూస్తూ. "యూ వర్ రైట్ బ్రదర్. నా మనసులో పెట్టుకోలేక వచ్చాను."

"రేపు ఆరాధనలో ఈ మాట చెప్తారా?"

సుందర్ రాజ్ కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడు ఎందుకు బ్రదర్, అందరూ మర్చిపోయారు. కొత్త బిల్డింగ్ ఫండ్ మొదలుపెట్టాం. మళ్ళీ డివిజన్స్ వస్తాయి. నువ్వు మాత్రం తిరిగి రా. నిన్నెవరూ ఏమీ అనరు."

"నలుగురిలో అన్నది నాలుగ్గోడల మధ్య తుడిస్తే పోదండి," అన్నాడు కృపావరం. కోప్పడలేదు. లేచి ఆయన కోటు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు ఆదివారం. రూతు చీర కట్టుకుని బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "వస్తారా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఒక్కతే కారు తీసింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.